దేవాంగపిల్లి పుస్తకం

మా మనవరాలి అన్నప్రాసన నాడు పీట ముందు పరిచిన వస్తువుల్లో ఒక కంప్యూటర్ పుస్తకం కూడా ఉంది. కత్తి పెట్టొద్దని నేనే తీయించాను. బంగారు గొలుసు, వంద రూపాయల నోటు, పెన్ను, చామంతిపూలు, చిన్న సైజు భగవద్గీత వరసగా పెట్టారు. "ఈ కాలం పిల్లకి ఇవేం సరిపోతాయి" అంటూ మా అల్లుడు లోపలికెళ్ళి, మా అమ్మాయి అలమరలోంచి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి గీత పక్కన పెట్టాడు. పిల్లకి ఏడో నెల. ఇంకా పాకడం సరిగ్గా రాదు, పొట్ట మీద ఈడ్చుకుంటూ వెళ్తుంది. గొలుసు వైపు ఓసారి చూసింది. అందరం ఊపిరి బిగబట్టాం. అది నేరుగా ఆ లావుపాటి పుస్తకం దగ్గరికి పోయి, అట్ట మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, వంగి దాని మూలని నోట్లో పెట్టుకుంది.

ఇల్లంతా చప్పట్లు. "ఇంకేముంది వదినగారూ, తల్లిని మించిపోతుంది" అంది మా వియ్యపురాలు. ఎవరో "డైరెక్టుగా అమెరికానే" అన్నారు. ఫోటోలు తీశారు. మా అమ్మాయి కూడా నవ్వింది. తను ఆ పుస్తకం తెరిచి ఎనిమిది నెలలు దాటిందని ఆ హాల్లో తెలిసినవాళ్ళం ఇద్దరమే, తనూ నేనూ. ప్రసూతి సెలవు అయిపోయి మళ్ళీ ఉద్యోగంలో చేరి అప్పటికి మూడు వారాలు. రాత్రి పిల్ల పడుకున్నాక చదువుదామని రోజూ తీసేది. తెరవకముందే పిల్ల లేచేది.

ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. ఒక రచనని ఎవరు చదువుతున్నారు, ఎక్కడ నిలబడి చదువుతున్నారు, ఆ చదవడంలో ఎవరు కనపడకుండా పోతున్నారు అని పిల్లలకి చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చిన ప్రశ్నలివి. ఆ రోజు మాత్రం నేనూ చప్పట్లు కొట్టాను. ఆ తర్వాత ఇంచుమించు ఏడాదిపాటు ఆ పిల్లనీ ఆ పుస్తకాన్నీ నేనే చూసుకున్నాను. అందుకని దాని గురించి రాయాలనిపించింది. సాహిత్య పత్రికలో దానికేం పని అనేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

పుస్తకం పేరు 'సెడ్ అండ్ ఆక్'. రాసినవాళ్ళు డేల్ డౌగర్టీ, ఆర్నాల్డ్ రాబిన్స్. మా ఇంట్లో ఉన్నది 1997లో వచ్చిన రెండో కూర్పు. మా అమ్మాయి ఇంజనీరింగ్ చదివేటప్పుడు, 2010లో అనుకుంటా, ఆబిడ్స్ ఆదివారం సంతలో ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నది. పక్కనే రెండు బుచ్చిబాబులు నేను కొన్నాను. సెడ్, ఆక్ అనేవి రెండు ప్రోగ్రాములు. రెండిటి పనీ అక్షరాలతోనే, లెక్కలతో కాదు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు భలే ఆశ్చర్యమేసింది. వెయ్యి పేజీల రచనలో 'అతను' అని ఉన్నచోటల్లా 'ఆమె' అని మార్చమంటే సెడ్ ఒక్క లైను ఆజ్ఞతో మార్చేస్తుంది. ఆక్ ఒక్కో లైనునీ ముక్కలుగా విడగొట్టి, మూడో మాట ఏముంది, అయిదో మాట ఎన్నిసార్లు వచ్చింది అని చెప్తుంది. పదసూచికలు చేత్తో తయారుచేసిన మా తరం పరిశోధకులకి ఇది దొరికుంటే ఎన్ని వేసవి సెలవులు మిగిలేవో! ఆక్‌ని 1977లో బెల్ ల్యాబ్స్‌లో అహో, వైన్‌బర్గర్, కెర్నిహన్ అనే ముగ్గురు తయారుచేశారు. ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు కలిపి దానికి పేరు పెట్టుకున్నారు. అదేమిటని ఎవరూ అడగలేదు. మన దగ్గర ఏ స్త్రీ అయినా తన రచనకి తన ఇంటిపేరు పెట్టుకుంటే ఎన్ని మాటలొచ్చేవో.

పిల్లని లాగింది మాత్రం అట్ట. తెల్లటి అట్ట మీద నల్లగీతలతో పాతకాలపు చెక్కడం బొమ్మ: సన్నటి కాళ్ళూ చేతులూ, ముఖమంతా కళ్ళే. పసిపిల్లల చూపు ముందుగా పోయేది నలుపు తెలుపుల తేడా మీదికీ, కళ్ళ మీదికీనని పిల్లల్ని పెంచినవాళ్ళందరికీ తెలుసు. నేను మొదట అదేదో విదేశీ కోతి అనుకున్నాను. తీరా చూస్తే మన దేవాంగపిల్లి! దక్షిణ భారతదేశంలోనూ శ్రీలంకలోనూ తప్ప ఎక్కడా ఉండదు. మన శేషాచలం అడవుల్లో ఉంది. దాని కళ్ళలో మందుందని నమ్మి చంపేస్తుంటారు. 2022లో తమిళనాడు ప్రభుత్వం దీనికోసమే కడవూరులో ఒక అభయారణ్యం ప్రకటించింది. అమెరికాలో అచ్చయి ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కి చేరిన పుస్తకం మీద మన అడవి జంతువు కూర్చుని ఉండటం వింతే.

ఈ ప్రచురణకర్తల కంప్యూటర్ పుస్తకాల్లో చాలావాటి మీద ఇలా ఏదో ఒక జంతువు ఉంటుంది. ఆ ఆలోచన ఈడీ ఫ్రీడ్‌మన్ అనే డిజైనర్‌ది. యూనిక్స్ మాటలన్నీ ఆమెకి చిత్రంగా వినపడ్డాయట, అలాంటి చిత్రమైన జంతువులే వాటికి సరిపోతాయనుకుంది. పందొమ్మిదో శతాబ్దపు చెక్కడం బొమ్మలు వెతికి 1980లలో ఈ అట్టలు చేసింది. మొట్టమొదటి వాటిల్లో ఈ దేవాంగపిల్లి ఒకటి. అంటే లోపలి పేజీలన్నీ పురుషులు రాసినవి, పసిపిల్ల చెయ్యి చాచిన ఆ ఒక్క పేజీ మాత్రం స్త్రీ చేసినది. దీన్నుంచి పెద్ద సిద్ధాంతం లాగను. లాగాలని సరదా అయితే ఉంది.

దేవాంగపిల్లి గురించి చదువుతుంటే ఇంకో సంగతి తెలిసింది. తల్లి కొన్ని వారాలు పిల్లని పొట్టకి కరిపించుకుని తిరుగుతుంది. తర్వాత చీకటి పడగానే పిల్లని ఒక కొమ్మ మీద వదిలి మేతకి వెళ్తుంది, మళ్ళీ వచ్చి తీసుకుంటుంది. మా అమ్మాయికి చెప్తే "దానికి క్రెష్ కొమ్మ పక్కనే ఉంది, అదృష్టవంతురాలు" అంది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి సెలవు 26 వారాలు చేశారు, 50 మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట శిశుగృహం ఉండాలన్నారు. మా అమ్మాయి ఆఫీసుకీ ఉంది, కాగితం మీద. ఆఫీసుకి తొమ్మిది కిలోమీటర్ల అవతల ఎవరిదో ప్లేస్కూలుతో ఒప్పందం. అందుకని నేనే ఆ కొమ్మనయ్యాను.

ఇప్పుడు పిల్ల చదువు సంగతి. ఎనిమిదో నెలలో ఆ పుస్తకం దానికి ఒక తినే వస్తువు. మూలలు మెత్తబడేదాకా చప్పరించింది. తొమ్మిదో నెలలో అది ఒక వాయిద్యం. అట్ట మీద కొడితే ఒక చప్పుడు, తెరిచి లోపల కొడితే ఇంకో చప్పుడు, ఆ రెండూ వేరని దానికి తెలిసిన రోజున ఎంత ఆనందపడిందో! గంటసేపు మూస్తూ తెరుస్తూ కొట్టింది. పదో నెలలో పేజీలు తిప్పడం మొదలైంది. ఒక్కో పేజీ తిప్పే వేళ్ళు ఇంకా రాలేదు, యాభై అరవై కలిపి తిప్పేది. గాలికి అవి మళ్ళీ వెనక్కొచ్చి పడితే కిలకిలా నవ్వేది. తలకిందులుగా పెట్టుకునేది. పుస్తకానికి పైనా కిందా ఉంటాయని దానికెవరు చెప్పారు? ఏడాది నిండేసరికి అట్ట మీది బొమ్మకి ఓ పేరు పెట్టింది, "పీ". నేను పిల్లి అంటుంటే విని కాబోలు. ఆ తర్వాత ఇంట్లో ఏ పుస్తకం చూపించినా "పీ" అనేది. నా భారతం సంపుటాలు కూడా పీలే. లోపల ఉన్న ఆజ్ఞల పేజీలు, చుక్కలూ నక్షత్రాలూ ఏటవాలు గీతలూ కలిపి రాసిన లైన్లు, వాటి మీద వేలు పెట్టి ఏదో గొణుగుతూ పోయేది. నిజం చెప్పాలంటే నేను చదివినా అంతే అర్థమయ్యేది.

దాన్ని చూస్తూ చూస్తూ ఆ పేజీలు నేనూ చదవడం మొదలుపెట్టాను. నాకు అలవాటైన చోట నుంచి, అంటే ముందుమాట నుంచి. ఆ తర్వాత మా అమ్మాయి అలమరలో ఉన్న ఇలాంటి పుస్తకాల ముందుమాటలన్నీ వరసపెట్టి చదివాను. ఓ పదిహేను ఉంటాయి. వాటిల్లో ఇల్లు కనపడే చోటు దాదాపుగా ఒక్కటే, కృతజ్ఞతలు. ఆదివారాలు త్యాగం చేసిన భార్య, నాన్న కోసం ఎదురుచూసిన పిల్లలు. ఆ పేరా దాటితే ఇక పుస్తకం పొడుగునా ఎవరికీ ఆకలి వేయదు, ఎవరూ ఏడవరు, ఎవరూ పాలివ్వరు. 2017లో వర్జీనియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు బ్రూస్ హోల్సింగర్ ఇలాంటి కృతజ్ఞతలు ఏరి అందరికీ చూపించాడు. 'టైపు చేసినందుకు థాంక్స్' అని ఆ సేకరణకి పేరొచ్చింది. భర్త గ్రంథాన్ని నాలుగేసిసార్లు టైపు చేసిన భార్యలు పేరు కూడా లేకుండా 'నా భార్య' అని మిగిలారు. మన తెలుగు సిద్ధాంత గ్రంథాలు తీసి చూడండి. సహధర్మచారిణి ప్రసక్తి ఎంత తప్పనిసరో, ఆమె పేరు అంత ఐచ్ఛికం.

అంకితాల్లో నన్ను నవ్వించింది డొనాల్డ్ నూత్. కంప్యూటర్ శాస్త్రంలో మహాభారతం లాంటి గ్రంథం ఆయనది, మొదటి సంపుటం 1968లో వచ్చింది. దాన్ని తను విద్యార్థిగా ఉన్నప్పుడు కాలేజీలో ఉండిన ఒక ఐబీఎం కంప్యూటర్‌కి, దానితో గడిపిన సాయంత్రాల జ్ఞాపకంగా అంకితమిచ్చాడు. శ్రీనాథుడు రాజులకీ మంత్రులకీ ఇచ్చాడు, పోతన రాముడికిచ్చాడు, ఈయనది యంత్రాంకితం. సరదా మనిషి, నాకు కోపం లేదు. కానీ ఆ సాయంత్రాలు అనే మాట దగ్గర ఆగిపోయాను. యంత్రంతో ఆడుకోవడానికి సాయంత్రాలు ఎవరికి దొరికాయి?

ఈ ప్రశ్నకి నేను చదివిన వాటిల్లో అన్నిటికన్నా నిజాయితీగా జవాబు చెప్పిన పుస్తకం స్టీవెన్ లెవీ రాసిన 'హ్యాకర్స్', 1984. జవాబు చెప్తున్నానని అతనికి తెలియదు, అదే దాని నిజాయితీ. హ్యాకర్లంటే ఇక్కడ దొంగలు కారు, కంప్యూటర్ మీద ప్రేమతో రాత్రింబవళ్ళు దానితో గడిపిన ఎంఐటీ కుర్రాళ్ళు. వాళ్ళు మొదట చేరింది ఒక బొమ్మరైళ్ళ క్లబ్బులో. బొమ్మరైళ్ళ నుంచి కంప్యూటర్ల మీదికి పోయారు. వాళ్ళ మధ్య పన్నెండేళ్ళ పీటర్ డాయిచ్ తిరుగుతుంటాడు. వాళ్ళ నాన్న అక్కడే ప్రొఫెసర్. ఆ పిల్లవాడు లక్షల డాలర్ల యంత్రం ముందు కూర్చుంటే పెద్దవాళ్ళు మురిసిపోతారు. ఆట నుంచి విద్య పుడుతుందనేది లెవీ పుస్తకానికి ప్రాణం. చాలా అందంగా రాశాడు, ఒక్క రాత్రిలో చదివించాడు. ఆ కుర్రాళ్ళకి వండిందెవరో, బట్టలుతికిందెవరో మాత్రం అందులో లేదు. హ్యాకర్లలో ఆడవాళ్ళెందుకు లేరని లెవీ అడుగుతాడు. సమాజంలో ఉన్న వివక్ష ఒక్కటే దానికి కారణంగా చాలదంటాడు, పుట్టుకలోనే తేడా ఉందని నమ్మిన వాళ్ళ మాటా చెప్తాడు. అక్కడ పుస్తకం మూసి కాసేపు బయట తిరిగొచ్చాను.

ఆ పుస్తకంలోనే ఒక చిన్న సంఘటన ఉంది. రాత్రిపూట ఆ కుర్రాళ్ళు ఎవరినీ అడక్కుండా యంత్రం లోపలి తీగలు మార్చేసేవాళ్ళు, తమకి కావలసిన కొత్త ఆజ్ఞలు పని చేయడానికి. ఒకసారి అలా మార్చాక, వాతావరణ లెక్కలు చేస్తున్న ఒక ప్రోగ్రామర్ పని ఆగిపోయింది. ఎక్కడ తప్పు జరిగిందో ఆమెకి అంతుపట్టలేదు. చివరికి సంగతి బయటపడి ఫిర్యాదు చేసింది. లెవీ దాన్ని కుర్రాళ్ళ చిలిపితనంగా చెప్తాడు. ఆటని అర్థం చేసుకోలేని అధికారిక వినియోగదారుగా ఆమె మిగిలిపోతుంది. ఆమె పేరు మార్గరెట్ హామిల్టన్. ఆమె కూతురు లారెన్ 1959లో పుట్టింది, అంటే ఆ రోజుల్లో ఆమె ఇంట్లో పసిపిల్ల ఉంది. లెవీకి ఆ సంగతి అవసరం పడలేదు.

అదే హామిల్టన్ తర్వాత అపోలో చంద్రయానానికి ప్రోగ్రాములు రాసే బృందానికి నాయకురాలైంది. రాత్రులూ శని ఆదివారాలూ కూతుర్ని ల్యాబుకి తీసుకెళ్ళేది. కూతుర్ని వదిలేసి ఈ పనేమిటని అడిగినవాళ్ళు ఉన్నారని ఆమె చెప్పుకుంది. ఒకరోజు లారెన్ అమ్మలాగా ఆడదామని నమూనా యంత్రం మీటలు నొక్కింది. నౌక ప్రయాణంలో ఉన్నట్టు నడుస్తున్న నమూనాలో, బయల్దేరకముందు మాత్రమే నడవాల్సిన ప్రోగ్రాము మొదలై అంతా కుప్పకూలింది. హామిల్టన్ పిల్లని కోప్పడిందో లేదో ఏ వ్యాసంలోనూ నాకు కనపడలేదు. ఆలోచనలో పడింది. వ్యోమగామి ఇలాగే నొక్కితే? నొక్కినా యంత్రం ఒప్పుకోకుండా కొన్ని లైన్లు చేరుస్తానని అడిగింది. పైవాళ్ళు వద్దన్నారు. వ్యోమగాములకి అంత శిక్షణ ఇచ్చాం, వాళ్ళు పొరపాటు చేయరన్నారు. ఆమె ప్రోగ్రాము వివరాల్లో ఒక హెచ్చరిక మాత్రం రాసి పెట్టింది. 1968 డిసెంబర్‌లో అపోలో 8 ప్రయాణంలో జిమ్ లోవెల్ సరిగ్గా అదే ప్రోగ్రాము పొరపాటున పిలిచాడు. నౌక ఎక్కడుందో చెప్పే వివరాలు చెరిగిపోయాయి. కింద హామిల్టన్ బృందం గంటల తరబడి కూర్చుని దారి వెతికి పైకి పంపింది. ఆ తర్వాత ఆమె అడిగిన లైన్లు చేర్చడానికి ఒప్పుకున్నారు.

ఈ కథ ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్నారు. 2016లో ఆమెకి అమెరికా అధ్యక్షుడు పతకం ఇచ్చాక మరీను. పిల్లనీ చంద్రుణ్ణీ రెండు చేతులా ఎత్తిన అమ్మగా ఆమెని చూపించే ధోరణి నాకు నచ్చదు. అలా చూపిస్తే, మిగతా అమ్మలు ఎందుకు చేయలేరనే ప్రశ్న మా అమ్మాయి లాంటివాళ్ళ మీదికొస్తుంది. నాకు ఆసక్తిగా తోచిందల్లా, ఆటని చదివిన తీరు. రాత్రి తీగలు మార్చిన కుర్రాళ్ళది ఆటైంది, చరిత్రైంది. ఆమె పని పాడవడం అందులో ఒక తమాషా అయింది. నాలుగేళ్ళో అయిదేళ్ళో ఉన్న ఆడపిల్ల ఆటని మాత్రం, ఆమె తల్లి కాబట్టి, ఒక పరీక్షగా చదవగలిగింది. ఇష్టమొచ్చినట్టు మీటలు నొక్కి ప్రోగ్రాము ఎక్కడ కూలుతుందో చూడటాన్ని ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో మంకీ టెస్టింగ్ అంటారట. కోతి పేరు పెట్టారు, పిల్ల పేరు పెట్టినా సరిపోయేది.

ఇలా చెప్తే మా అమ్మాయి ఒప్పుకోలేదు. "అమ్మా, నువ్వు చెప్పే ఆటలు నాకు కుదరవు" అంది. "ఇదివరకు మీటింగులో తెలీకపోతే తెలీదనేదాన్ని. కనుక్కుని చెప్తాననేదాన్ని. ఇప్పుడు తెలీదంటే, పిల్ల పుట్టింది కాబట్టి తెలీదనుకుంటారు."

ఆ మాట విన్నాక ఇదంతా మళ్ళీ ఆలోచించుకోవాల్సి వచ్చింది. జేన్ మార్గొలిస్, అలన్ ఫిషర్ 2002లో రాసిన పుస్తకం ఒకటుంది, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ చదువుకి వచ్చిన విద్యార్థినుల మీద. 1995లో అక్కడ చేరినవాళ్ళలో అమ్మాయిలు నూటికి ఏడుగురు, 2000 నాటికి 42 మంది అయ్యారు. ఇళ్ళలో కంప్యూటర్ కొడుకు గదిలో పెట్టడం దగ్గరే తేడా మొదలవుతుందని వాళ్ళు చూపించారు. మన దగ్గర కథ వేరు. మన తల్లిదండ్రులు ఆడపిల్లల్ని కంప్యూటర్లకి సంతోషంగానే పంపారు, నీడపట్టున కూర్చుని చేసే ఉద్యోగమని, పెళ్ళి సంబంధాలకీ అడ్డం రాదని. నేనూ అలా పంపినదాన్నే. తలుపు దగ్గర ఎవరూ ఆపలేదు. మా అమ్మాయికి అడ్డం తగిలింది లోపలికెళ్ళి పదేళ్ళయ్యాక, ఒక తొమ్మిది నెలల కాలం దగ్గర. ఆపినట్టు కూడా ఉండదు. తెలీదని చెప్పే హక్కు పోతుంది, అంతే. నేర్చుకునేవాళ్ళకి అదొక్కటే కదా ఉండాల్సింది. మా పసిదానికి ఆ పుస్తకం ముందు కూర్చుంటే ఉన్నదీ అదే. ఏమీ తెలియకుండా, తెలియదని సిగ్గుపడకుండా, తలకిందులుగా పట్టుకుని అది నవ్వుతుంది. దాని తల్లి అదే పుస్తకాన్ని రాత్రి పదకొండింటికి, పక్కగదిలో లైటు వేసుకుని, దొంగతనంగా చదువుతుంది.

దొంగతనం అంటే స్టెఫనీ షర్లీ గుర్తొస్తుంది. నాజీల నుంచి తప్పించిన పిల్లల రైల్లో 1939లో అయిదేళ్ళ వయసులో ఇంగ్లండు చేరిన అమ్మాయి. 1962లో ఇంట్లోనే ప్రోగ్రాములు రాసే కంపెనీ పెట్టింది, పెళ్ళయి పిల్లలు పుట్టి ఉద్యోగాలు పోయిన స్త్రీల కోసం. ఉత్తరాల కింద స్టెఫనీ అని సంతకం పెడితే జవాబు రావట్లేదని స్టీవ్ అని పెట్టింది. మరుసటేడు కొడుకు పుట్టాడు. ఖాతాదారులు ఫోన్ చేసినప్పుడు ఇంటి చప్పుళ్ళు వినపడకుండా వెనకాల టైపింగ్ చప్పుడు టేపు వేసేది. 2025లో చనిపోయినప్పుడు పత్రికల్లో ఆమె గురించి చదివాను. ఆ టేపు సంగతి చెప్పగానే మా అమ్మాయి ఏమీ అనకుండా తన ల్యాప్‌టాప్ తిప్పి చూపించింది. వీడియో మీటింగులో ఒక మీట ఉంది, వెనక రొదని తీసేస్తుందట. పిల్ల ఏడుపు దానికి రొద కిందే లెక్క. ఆ పక్కగదిలో పిల్లని ఎత్తుకుని తిరుగుతూ నేను పాడిన లాలిపాట కూడా.

నేను చెప్పుకోవాల్సింది ఒకటుంది. 1993లో నేను భండారు అచ్చమాంబ మీద ఎం.ఫిల్ చేస్తున్నాను. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు పక్కన కూర్చుని తనూ చదువు నేర్చుకున్న అచ్చమాంబ. ఆమె 'ధనత్రయోదశి' 1902 నాటిదని, గురజాడ 'దిద్దుబాటు' కన్నా ఎనిమిదేళ్ళు ముందుదని మేమంతా ఉత్సాహంగా చెప్పుకుంటున్న కాలం. ఒక అట్టపెట్టెలో మూడు వందల పైచిలుకు కార్డులు, వరసలో. మా అమ్మాయికి అప్పుడు ఏడాదిన్నర. నేను పాలు కాచి వచ్చేసరికి కార్డులన్నీ నేల మీద పరిచి వాటి మధ్యలో కూర్చుని ఉంది, ఒకటి నోట్లో. ఎంత ఆనందంగా ఉందో ఆ ముఖం నాకిప్పటికీ తెలుసు. చెయ్యి మీద గట్టిగా కొట్టాను. తమ్ముడి చదువు పక్కన దొంగచాటుగా చదువుకున్న అచ్చమాంబ గురించి రాస్తున్నదాన్ని, నా పక్కన కూర్చున్న పిల్ల చెయ్యి మీద కొట్టాను. తనకి గుర్తులేదు. మొన్న చెప్తే నవ్వేసి "పోనీలే అమ్మా, నీకు మాత్రం ఎవరున్నారు" అంది. నిజమే, నాకు కొమ్మ లేదు. అయినా ఆ దెబ్బని ఆ ఒక్క మాటతో మాపేసుకోలేను. నా ఎం.ఫిల్ ఏడాది ఆలస్యమైంది. గైడు అడిగితే ఆరోగ్యం బాగోలేదని చెప్పాను, పిల్ల అని చెప్పలేదు. అది నేను వేసుకున్న టేపు.

గత నెల ఒక ఆదివారం మేమిద్దరం ఆక్‌తో కాసేపు ఆడాం. ఆట అనే అనాలి, ఎవరికీ లెక్క చెప్పాల్సిన పని కాదు. 'అమ్మ' అని రాసి ఎన్ని అక్షరాలో అడుగుదామన్నాను. పాతరకం ఆక్‌కి అక్షరమంటే ఇంగ్లీషు అక్షరమే, ఒక బైటు. తెలుగులో ఒక్కో గుర్తుకీ మూడేసి బైట్లు పడతాయి కాబట్టి అది పన్నెండు అంటుంది. ఎనభై ఏళ్ళ వయసులో, 2022లో, కెర్నిహన్ కూర్చుని దానికి ప్రపంచ భాషల లిపులు నేర్పాడు. 2023లో వాళ్ళ పుస్తకం కొత్త కూర్పు కూడా వచ్చింది. కొత్త ఆక్‌ని అడిగితే నాలుగు అంది, అ, మ, పొల్లు, మళ్ళీ మ. బడిపిల్ల ఎవరైనా రెండు అంటుంది. మా అమ్మాయి మూడు సంఖ్యలూ పక్కపక్కన రాసి, అసలు అక్షరమంటే ఏమిటని నన్ను అడిగింది. చిన్నయసూరి దగ్గర నుంచి మొదలుపెట్టాను. తను మధ్యలో ఆపి మధ్యలో అడుగుతూ, తెలీదు మళ్ళీ చెప్పు అంటూ రెండు గంటలు కూర్చుంది. పిల్ల మా ఇద్దరి ఒళ్ళోంచి కీబోర్డు మీద పడి ఓ వరసంతా నొక్కింది. ఆక్ తప్పు అని చెప్పింది, అంతకంటే ఏమీ కాలేదు.

అదే వారం తను ఆఫీసుకి ఏటా ఇచ్చే స్వీయ సమీక్ష రాసి, భాష చూడమని నాకు చూపించింది. పోయినేడు ఆర్నెల్ల సెలవు పేరుతో రేటింగ్ తగ్గించారు, నోటితో మాత్రం అలా అనలేదు. ఈసారి మొదటి వాక్యమే, కుటుంబ కారణాల వల్ల తన పని పూర్తి స్థాయిలో లేదని, అందుకు విచారిస్తున్నానని. ఏ ప్రశ్నకి ఇది జవాబని అడిగాను. ఫారంలో అలాంటి ప్రశ్న ఏదీ లేదు. కాసేపు చూసి తీసేసింది. ఫలితం ఇంకా రాలేదు, అడిగితే చూస్తున్నామంటున్నారట.

పుస్తకంలోంచి ఒక ఆకు ఎప్పుడో ఊడిపోయింది. సెడ్ ఆజ్ఞలున్న పేజీ. నిన్న మంచం కింద ఊడుస్తుంటే దొరికింది, ఓ మూల నమిలి ఉంది. మా అమ్మాయి దాన్ని తుడిచి మళ్ళీ పుస్తకంలో పెట్టబోతే పిల్ల "పీ" అంటూ చెయ్యి చాచింది. ఇచ్చేసింది. నోట్లో పెట్టుకోకుండా చూడవే అన్నాను.